మూర్ఛయు, నాడియు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



రజతోత్సవమునాడు ప్రబంధ నాయికలను గూర్చి ఒక ఉపన్యాసము చేయవలసినదిగా కార్యదర్శిగారు నన్ను కోరిరి. సరే యంటిని. తీరా వ్రాయ కూర్చుండగా కలము సాగలేదు. ప్రబంధములలో నాయిక విరహముచే మూర్ఛిల్లును. చెలికత్తెలు పన్నీరు చల్లుదురు, చందనము పూయుదురు, అరటియాకులతో విసరుదురు. ఆమె కనులు తెరచును, కవి తరువాతి పద్యమునకు పోవును. అందొక్క చెలికత్తెయైనను ఆమె మణికట్టు పట్టుకొని నాడి నిమిషమునకు ఎన్ని మారులు కొట్టుకొనుచున్నదో లెక్కించినట్లు నేనెచ్చటను చదువలేదు. కావ్యములో అది తప్పు కాదు. మా యింటిలో నేనును ఆ చెలికత్తెల వలెనే ప్రవర్తించితిని. అది మాత్రము తప్పే. అందుచే నాయికలను మరియొక సభకు వాయిదా వేసి, ఆ తప్పును గూర్చి మాటలాడుటకు మీ అనుమతి వేడుచున్నాను. నేను వైద్యుడను గాను, లెక్కలు వ్రాయువాడను. చెప్పబోవునది చదివి, వైద్యులనడిగి, కన్నులార చూచి తెలిసికొన్నది మాత్రమే.

2012లో మా అక్కయ్య కూతురు, పదునారేండ్ల పిల్ల, బోరింగు పంపువద్ద బిందె నింపుచు కూలబడినది. నిమిషములోపలనే కనులు తెరచినది. ముఖము సున్నము కొట్టినట్లు పాలిపోయెను. ఒళ్ళంతయు చెమట. "మామయ్యా, గుండెల్లో పిట్ట రెక్కలు కొట్టుకున్నట్టయింది, కళ్ళు చీకట్లు కమ్మాయి, ఆ తరువాత ఏమీ తెలియదు" అని చెప్పినది. ఆ మాట నేను వింటినే గాని తూచలేదు. పడినప్పుడు చేతులు రెండు మూడు మారులు అదరినవని ఎవరో చెప్పిరి. నాకు ఆ అదురు పట్టుబడినది, పిట్ట రెక్కలు జారిపోయినవి. ఇంటిలో నాలుగు పుస్తకములు చదివినవాడనని నా మాటకొక విలువ యుండెను. "ఇది మూర్ఛ రోగము" అని తీర్మానించితిని.

ఇంక చెప్పవలసినదేమున్నది? చేతిలో తాళపుచెవుల గుత్తి పెట్టిరి. ముక్కువద్ద ఉల్లిపాయ నలిపి పెట్టిరి. గాలి సోకినదని ఒకరు, దిష్టి యని ఒకరు. మెడలో తాయెత్తు పడినది. తరువాత పట్టణములో ఒక వైద్యునివద్దకు తీసికొనిపోతిమి. అచ్చట మాటలాడినవాడను నేను. "మూర్ఛ వచ్చినది, చేతులు కొట్టుకొన్నవి" అని నేను చెప్పితిని. ఆయన దానికి తగిన మాత్రలు వ్రాసియిచ్చెను. ఆ పిల్ల నాలుగేండ్లు ఆ మాత్రలు మింగినది. పగలు నిద్రమత్తు, చదువులో వెనుకబాటు. ఒంటరిగా బస్సులో పంపుటకు భయపడి కాలేజీ మాన్పించితిమి. కుదిరిన సంబంధమొకటి తప్పిపోయినది. అంతచేసియు ఏడాదికి రెండుమారులు పడిపోవుట మానలేదు. మొదటి పద్దు తప్పు వ్రాసినచో అడుగున మొత్తము ఎట్లు సరిపడును?

ఇచ్చట ఒక్క మాట. మన పూర్వులు ఈ పొరపాటు చేయలేదు. మాధవనిదానములో మూర్ఛ వేరొక అధ్యాయము, అపస్మారము వేరొక అధ్యాయము. స్పృహ తప్పి పడి వెంటనే తేరుకొనుట ఒకటి. మెదడునుండి పుట్టి అవయవములు కొట్టుకొనునట్టి రోగము మరియొకటి. కాలక్రమమున మన వాడుక ఈ రెంటిని ఒకే గిన్నెలో పోసి రెంటికిని మూర్ఛ యనియే పేరు పెట్టినది. ఆ గ్రంథము నా బీరువాలోనే యుండెను. రెండధ్యాయములును చదివియుంటిని. చదివినది అక్కరపడు వేళకు అక్కరకు రాలేదు.

రెంటికిని గల భేదము వైద్యులు నాకు చెప్పినది మీకు చెప్పెదను. మెదడునకు రక్తము చాలక పడినవాడు తెల్లబోవును. పడుకొనబెట్టినచో సాధారణముగా నిమిషములోపల తేరుకొని తన వారిని గుర్తుపట్టును. చేతులు కాళ్ళు కొన్ని క్షణములు అదరవచ్చును. అంతమాత్రమున అది అపస్మారము కాదు. నా బుద్ధి పొరబడినది సరిగా ఇచ్చటనే. అపస్మారములో కొట్టుకొనుట ఎక్కువసేపుండును, నాలుక ప్రక్కన కరచుకొనుట కలదు, లేచిన పిదపకూడ చాలసేపు మనిషి అయోమయములో నుండును.

2016 కార్తికమాసములో వనభోజనములకు పోయితిమి. ఉసిరిచెట్టు క్రింద విస్తళ్ళు వేయుచుండగా ఆ పిల్ల లేచి నిలుచుండి, గుండెమీద చేయివేసికొని, ప్రక్కకు ఒరిగినది. నేను నీళ్ళ చెంబుకై పరుగెత్తితిని. ఆనాడు టీకాలు వేయుటకు వచ్చి, సంచి ఇంకను భుజమునుండి దించని మన నర్సమ్మ మాత్రము నీళ్ళకు పోలేదు. పిల్లను చదునుగా పడుకొనబెట్టించి, కాళ్ళు ఎత్తి పట్టుకొమ్మని అక్కయ్యకు చెప్పి, మణికట్టు పట్టుకొన్నది. "నాడి చేతికి అందడం లేదండీ, చాలా వేగంగా ఉంది" అన్నది. స్టెతస్కోపు గుండెకానించి గడియారము చూచుచు అర నిమిషము లెక్కించినది. 104 దెబ్బలు. టీకాల చీటి వెనుక ఇట్లు వ్రాసినది: మధ్యాహ్నం 1-20. స్పృహ తప్పి 40 సెకన్లలో తేరుకుంది. గుండె వేగం 208. బి.పి. 80/50. 1-32కు ఒక్కసారిగా ఆగింది, వేగం 92.

ఆ చీటి నావద్ద ఇప్పటికిని కలదు. నా జీవితములో నేను వ్రాసిన వేల పద్దులలో ఏ యొక్కటియు దానికి సరిరాదు. నాలుగేండ్లు మాకు తెలియనిది అయిదు పంక్తులలో తెలిసిపోయినది. జరుగుచున్న వేళ, చూచినవారు, గంట నిమిషములతో వ్రాసిన చీటి అది. లెక్కలలో దీని విలువ నాకు తెలియును: ఆనాటి చిఠ్ఠాలో ఆనాడే వ్రాసిన పద్దునకు ఒక బలము, తరువాత జ్ఞాపకముపై కూర్చిన పద్దునకు ఒక బలము. ఈ రోగము దొంగవంటిది. వచ్చును, ఇల్లు కలచును, పోవును. వైద్యునివద్దకు పోవువేళకు నాడి 80, ఒళ్ళు చల్లన, మనిషి నవ్వుచుండును. ఆయన దేనిని చూచి చెప్పవలెను?

మరునాడు ఆ చీటితో పెద్దాసుపత్రికి పోతిమి. అచ్చటి గుండెజబ్బుల వైద్యుడు చీటి రెండుమారులు చదివి, పిల్లను అడిగిన మొదటి ప్రశ్న, "దడ మెల్లమెల్లగా పెరిగిందా, ఒక్కసారిగా మొదలైందా?" అని. రెండవది, "ఆ కొట్టుకోవడం బల్లమీద వేలితో కొట్టి చూపించమ్మా" అని. ఆ పిల్ల బల్లమీద టకటక కొట్టి చూపినది. మద్దెలగాడు తుది జతిలో కొట్టినట్లు, సమముగా, ఎడమ లేకుండ. మన భాషలో గుండె ఝల్లుమనును, గుభేలుమనును, జారును, దడదడలాడును. ఇన్ని మాటలుండియు వైద్యునికి కావలసిన ఆ రెండు సంగతులు, ఒక్కసారిగానా మెల్లగానా, సమముగానా అడ్డదిడ్డముగానా అనునవి, మనమెన్నడును చెప్పము.

పిమ్మట ఇ.సి.జి. తీసిరి. దడ లేని వేళ తీసినదియైనను, అందులోనే జాడ దొరకినది. ప్రతి దెబ్బకు ముందు నిట్టనిలువుగా లేవవలసిన గీత, మెట్టపల్లములోవలె ఏటవాలుగా మొదలై లేచుచున్నది. ఆ వాలునకు డెల్టా తరంగమని పేరు. డెల్టాలో పుట్టి పెరిగినవాడను గావున పేరు వినగానే నాకు నవ్వు వచ్చినది. ఈ జాడను, దానితోబాటు వచ్చు దడలను 1930లో ఉల్ఫ్, వైట్ అను బోస్టను వైద్యులును, పార్కిన్సన్ అను లండను వైద్యుడును కలిసి 11 మందిలో చూపి ప్రకటించిరి. వారందరును యౌవనులు, చూపునకు ఆరోగ్యవంతులు. ఆ మువ్వురి పేర్లనే ఈ వ్యాధికి పెట్టిరి.

దీని లోపలి పని ఏమనగా, గుండె కుడివైపు పైగదిలో ఒక చిన్న కణసముదాయము కలదు. గుండె కొట్టుకొనవలెనను విద్యుదాజ్ఞ అచ్చట పుట్టి పైగదులంతట వ్యాపించును. అది క్రింది గదులకు దిగుటకు సహజముగా ఒక్కటే దారి. దానిని మన కాలువ తూమనుకొనుడు. ఆ తూము ఆజ్ఞను సెకనులో ఇంచుమించు పదియవ వంతు ఆపి వదలును. ఆ నిదానములోనే పైగదుల రక్తము క్రింది గదులలోనికి దిగును. కొందరికి పుట్టుకతోనే తూముగాక వేరొకచోట గట్టునకు చిన్న గండి యుండును. ఏ నాడో ఒక వేళ తప్పిన దెబ్బ తగిలి, ఆజ్ఞ తూముగుండ దిగి, గండిగుండ పైకెక్కి, మరల తూములోనికి వచ్చును. అంతటితో గానుగెద్దు తిరుగుడు మొదలు. ఒక్కొక్క చుట్టునకు ఒక్కొక్క దెబ్బ. నిమిషమునకు 150 మొదలు 250 వరకు. ఎక్కడనైన ఆ చుట్టు తెగిన క్షణమున ఠక్కున ఆగును. జ్వరములో, భయములో, పరుగులో గుండె వేగము మెట్టు మెట్టుగా పెరిగి మెట్టు మెట్టుగా తగ్గును. ఇది మాత్రము దీపపు స్విచ్చివలె వచ్చి పోవును.

గుండె అంత వేగముగా పనిచేయుచుండగా రక్తము ఎక్కువ పారవలెను గదా, మనిషి ఏల పడిపోవలెనని మా అక్కయ్య అడిగినది. వైద్యునికంటె ముందు నేనే సమాధానము చెప్పగలిగితిని. ఏతము తొక్కినవారు మీలో పెద్దలున్నారు. బాన నీటిలో మునిగి నిండువరకు ఆగక, తొందరపడి పైకి లాగినచో ఏమగును? ఏతము ఆడుచునే యుండును, చేనికి నీరు పారదు. గుండెయు రెండు దెబ్బలనడుమ నిండవలెను. నిండుటకు వ్యవధి లేనిచో తోడునది గాలియే. మెదడునకు రక్తము తగ్గును, కనులు చీకట్లు కమ్మును.

మరికొందరికి గండి వేరుగా నుండదు. తూములోనే రెండు పాయలుండును. వారికి దడ వచ్చినప్పుడు మెడ గొంతుకవద్ద టపటప కొట్టుకొనుట కనబడును. దానిని నేటి వైద్యులు కప్ప గొంతుతో పోల్చుదురు. శార్ఙ్గధరుడు పిత్తనాడిని కాకి, కప్ప గతులతో పోల్చినాడు. ఆ కప్పయు ఈ కప్పయు ఒకటేనని సాధింపబూనుట నాకు ఇష్టము లేదు. అట్టి వాదములతో శాస్త్రమునకు మేలు కలుగదు. ఆ పెద్దలు నాడి నడకను చూచిరి. గడియారముతో లెక్కించుట తరువాతి కాలపు విద్య. 1707లో జాన్ ఫ్లోయరు అను ఆంగ్ల వైద్యుడు సరిగా నిమిషము నడిచెడు గడియారము చేయించి నాడిని లెక్కించుటను గూర్చి గ్రంథము వ్రాసెను. నడక చూచు వ్రేళ్ళకు గడియారము తోడగుటలో విరోధమేమున్నది?

ఈ రెండవ తెగవారికి దడ లేనప్పుడు ఇ.సి.జి. నిర్మలముగా నుండును. ఇ.సి.జి. బాగున్నదనగానే రోగము లేదని అనుకొనరాదు. దడ వచ్చిన వేళనే గీత పట్టవలెను. ఆ యంత్రము నేడు సంచిలో పట్టుచున్నది. 20వ శతాబ్దారంభమున హాలెండులోని లైడెనులో ఐంథోవెన్ పండితుడు దానిని నిర్మించినపుడు దాని బరువు 270 కిలోల వరకు, నడుపుటకు అయిదుగురు, రోగి చేతులును కాలును ఉప్పునీటి తొట్లలో నుంచవలసివచ్చెను. 1924లో ఆయనకు నోబెలు బహుమానము వచ్చెను. తరువాత అమెరికాలో హోల్టరు అనునాయన మనిషి తిరుగుచుండగనే గుండె గీత పట్టు సాధనము చేసెను. మొదటిది 38 కిలోల మూట, వీపున మోయవలెను. నేడది రొమ్మున అతికించు బిళ్ళంత. అప్పుడప్పుడు మాత్రమే దడ వచ్చువారు వైద్యుని అడిగి దానిని కొన్ని దినములు ధరింపవచ్చును.

చికిత్స సంగతి. మనిషికి పూర్తి స్పృహ యుండి, రక్తపుపోటు నిలిచియున్నచో మొదట మందుకూడ అక్కరలేని ఉపాయమొకటి కలదు. సగము వాలి కూర్చుండి, 10 మి.లీ. సిరంజిలోనికి దాని దండము కదలునంత బలముగా 15 సెకనులు ఊది, వెంటనే వెల్లకిల పడుకొనబెట్టి కాళ్ళు 15 సెకనులు ఎత్తి పట్టుట. 2015లో ఇంగ్లండులో 428 మందిమీద పరీక్షించిరి. ఊరక కూర్చుండి ఊదినవారిలో నూటికి 17 మందికి, ఇట్లు కాళ్ళెత్తినవారిలో 43 మందికి దడ ఆగినది. ఖర్చు లేని కాళ్ళెత్తుటలో ఇంత బలమున్నదని వినినప్పుడు నాకాశ్చర్యము కలిగినది. అయితే ఇది వైద్యుడు ఒకమారు చూపి నేర్పిన తరువాత చేయదగినది. స్పృహ తప్పినవానికి పనికిరాదు. మెడ నరము నొక్కుట ఇంటిలో ఎవరును చేయరాదు.

దానికి ఆగనిచో ఆసుపత్రిలో అడినోసిన్ అను మందు నరములోనికి వేగముగా ఎక్కింతురు. దాని ఆయుస్సు కొన్ని సెకనులే. ఆ కొన్ని సెకనులు తూము మూయును, గానుగ ఆగును. ప్రాణము పోవుచున్నదా యనిపించి మరల తేరుకొందురు. రక్తపుపోటు పడిపోయి, స్పృహ నిలువనివారికి మందులతో కాలయాపన చేయక, మత్తు ఇచ్చి విద్యుదాఘాతముతో గుండెను సరిచేయుదురు. ఇచ్చట ఒక హెచ్చరిక చేయక తప్పదు. గండి గల గుండె అడ్డదిడ్డముగా కొట్టుకొనునప్పుడు తూమును బిగించు కొన్ని మందులు పడినచో, ఆజ్ఞలన్నియు గండివైపునకే పొర్లి ప్రాణాపాయము తెచ్చును. కనుక ఎదురింటివారికి పనిచేసిన గుండె మాత్ర మనకును పనిచేయునని తెచ్చి మింగరాదు.

శాశ్వతమైన మార్గము గండిని పూడ్చుట. 1968లో అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయమున ఒక జాలరికి రొమ్ము తెరచి ఆ పాయను కోసివేసిరి. నేడు రొమ్ము తెరువరు. గజ్జలలోని నరముగుండ సన్నని తీగలను గుండెవరకు పంపి, గండి యెచ్చటనో వెదకి, తీగ కొనను వేడిచేసి ఆ చిన్న తావును కాల్చుదురు. నూటికి తొంబదిమందికి పైగా దీనితో విముక్తి కలుగును. గండి తూమునకు అతి సమీపమున నున్నచో తూముకూడ దెబ్బతిని పేస్‌మేకరు పెట్టవలసివచ్చు ముప్పు కొద్దిగా కలదు. ఆ సంగతి దాచక చెప్పియే వైద్యులు సంతకము తీసికొందురు. మా పిల్ల పడిపోవుచున్నది గావున ఆలస్యము తగదనిరి. సంతకము పెట్టినది అక్కయ్య. ఆమె నావైపు చూచినది. నేను ఈమారు తీర్మానము చెప్పలేదు. "అమ్మాయినే అడుగు" అంటిని. "చేయించుకుంటానమ్మా" అన్నది పిల్ల. రెండు గంటలు బయట బల్లమీద కూర్చుంటిమి. వైద్యుడు వచ్చి గండి ఎడమవైపున దొరకినదని, పూడినదని చెప్పెను. మూర్ఛ మాత్రలను ఒక్కసారి మానరాదని చెప్పి, సంబంధిత వైద్యుని సలహాతో క్రమముగా తగ్గించి మాన్పించిరి. ఆనాటినుండి ఆమె పడిపోలేదు. చదువు తిరిగి మొదలుపెట్టి బి.ఇడి. పూర్తిచేసినది. ఇప్పటికిని ఎప్పుడైన రాత్రివేళ గుండెలో ఒక దెబ్బ తప్పినట్లుండి మెలకువ వచ్చునట. లేచి కూర్చుండి నాడి లెక్కించుకొనును. 76 రాగానే పడుకొనును.

అందరి దడయు ఇదియే యని మీరు భయపడరాదు. ఎండలో చాలసేపు నిలుచుండి, రక్తము చూచి, ఉపవాసముండి పడిపోవువారే ఎక్కువ. వారి నాడి సాధారణముగా మందగించియుండును. రక్తహీనత, జ్వరము, కంఠగ్రంథి దోషము గుండె వేగమును పెంచును. కాని కొన్ని గుర్తులు కనబడినప్పుడు ఉపేక్ష పనికిరాదు. పరుగెత్తుచు, ఈదుచు, బరువెత్తుచు పడిపోవుట; పెద్ద చప్పుడు వినగానే పడిపోవుట; ఇంటిలో చిన్న వయసున కారణము తెలియక ఎవరైన హఠాత్తుగా మరణించియుండుట; మునుపు గుండెపోటు వచ్చినవానికి దడతో స్పృహ తప్పుట. ఈ కడపటివారిలో దడ క్రింది గదులలోనే పుట్టవచ్చును, అది ప్రాణాంతకము. వెంటనే 108కి ఫోను చేయవలెను. పడినవానికి శ్వాస లేదనుకొనుడు, లేక ఎగరోజుచున్నాడనుకొనుడు: రొమ్ము నడుమ రెండు అరచేతులు ఒకదానిపై నొకటి పెట్టి, అయిదు సెంటీమీటర్ల లోతున, నిమిషమునకు 100 నుండి 120 మారులు నొక్కుచుండవలెను. నోటిలో నీరు పోయరాదు. తాళపుచెవులు తలుపులకే ఉపయోగపడును.

నాడి చూచుట ఎట్లన, బొటనవ్రేలి మొదట మణికట్టువద్ద మూడు వ్రేళ్ళు ఆనింపవలెను, మన బొటనవ్రేలు ఉపయోగింపరాదు. దానికి సొంత నాడి యున్నది. అర నిమిషము లెక్కించి రెట్టింపు చేయవలెను. విశ్రాంతిగానున్న పెద్దవానికి 60 మొదలు 100 వరకు ఉండవచ్చును. అందనంత వేగమైనచో రొమ్మునకు చెవి ఆనించి వినుడు. ఆడవారికి ఎడమచేయి, మగవారికి కుడిచేయి అను పాత నియమము లెక్కకు అడ్డురాదు. ఏ చేయి అందిన ఆ చేయి. పిమ్మట కాగితము తీసి వేళ, పని, రంగు, అదురు, ఎంతసేపు, ఎంత వేగము, ఎట్లు ఆగినది వ్రాయుడు. దడ ఆగిన పిదప మూత్రము ఎక్కువగా వచ్చినదా యనికూడ వ్రాయుడు. అది వైద్యునికి ఒక సూచన.

కార్యదర్శిగారిని నేనొక కోరిక కోరితిని, వారు మన్నించిరి. ఈ పఠనమందిరపు గోడమీద ఇదివరకున్న గడియారమునకు సెకనుల ముల్లు లేదు. నిన్న కొత్తది తగిలించినారు. దానికి ఎర్రని ముల్లు కలదు, వెనుక బల్లవారికికూడ కనబడును. దాని క్రింద మేజామీద ఒక నోటుపుస్తకము, దారము కట్టిన పెన్సిలు ఉంచితిమి. మన నర్సమ్మ ఈ సభలోనే, స్త్రీల వరుసలో, మూడవ బల్లమీద కూర్చుండియున్నది. సభ ముగిసిన పిదప ఆమె ఆ మేజావద్ద కూర్చుండును. నేర్చుకొనగోరువారు తమ చేయిగాక ప్రక్కవారి చేయి పట్టుకొని రావలెనని ఆమె మాట.